పోగు తెగిందన్న మాట

పోయిన శుక్రవారం పొద్దున మా అత్తమ్మ కన్నుమూసింది. ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే, నా చేతి గంజి రెండు చెంచాలు తాగి. మన్సూరాబాద్ నుంచి మా ఆడబిడ్డ గంటలో వచ్చింది. గడప దాటకముందే శోకం ఎత్తుకుంది. అత్తమ్మ జబ్బుపడ్డ నాలుగేళ్లలో ఆ నోట "అమ్మా" అన్న పిలుపు వినడం నాకు అదే మొదలు.

అల్జీమర్స్ అని తేలాక కూడా తల్లిని వెక్కిరించిన మహాతల్లి ఆమె. "నా పేరు మరిచింది గానీ ఆకలి మరువలే, చూసినవా? అంత నాటకం!" అని నవ్వేది.

అత్తమ్మ పోచంపల్లి దగ్గర ఊళ్లో ముప్పై ఏళ్లు మగ్గం నేసింది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల ముందు ఆగి, అద్దం వెనక బొమ్మకు కట్టిన చీర చూసి "ఇది చేతిది గాదు, మిషన్‌ది" అని పెదవి విరిచేది. కొడుకు పేరు మరిచిన రోజుల్లో కూడా ఆ చూపు తప్పలేదు. ఐదో తరగతితో బడి మానేసిన నేను ఏదైనా చెడగొట్టి బిక్కమొహం వేస్తే, "పోగు తెగితే మగ్గాన్ని తిట్టొద్దు బిడ్డా, అతకాలె" అనేది.

కిందటేడు దవాఖానలో డాక్టరమ్మ, అత్తమ్మ తలకు ఒక పరీక్ష చేయనిస్తారా అని అడిగింది. ఈ జబ్బున్నవాళ్ల మెదడులో ఇనుము ఎక్కడ, ఎంత చేరుతుందో ఎమ్మారైతో చూస్తున్నామని, దీనివల్ల జబ్బు తగ్గదని, ముందుముందు వేరేవాళ్లకు పనికిరావచ్చని చెప్పింది.

"నా తలకాయల ఏమున్నదో చూస్తరా? చూడనీ" అని అత్తమ్మ నవ్వింది.

నాటకం బయటపడుతుందని ఆడబిడ్డ కూడా వెంట వచ్చింది. "ఇనుప మూకుట్ల వండిపెడితే ఇనుము ఎక్కదా?" అని నన్ను చూసింది.

"మూకుడుతో కాదమ్మా. వయసుతో అందరి మెదడులోనూ కొంత చేరుతుంది. ఈ జబ్బులో కొన్నిచోట్ల ఎక్కువ. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు" అన్నది డాక్టరమ్మ.

మా ఆడబిడ్డకు మాత్రం పూర్తిగా తెలుసు.

మిషన్ టకటక మొదలవగానే అత్తమ్మ కాళ్లు కదిలాయి. ఒకటి కిందికి, ఒకటి పైకి. మిషన్ తీసే బొమ్మ చెదిరిపోతోందని ఆపారు. రెండోసారీ అంతే. ఇంకొక్కసారి చూసి, కుదరకపోతే పంపేస్తామన్నారు.

"చెప్పలే? నాటకం!" అన్నది ఆడబిడ్డ. అవి మగ్గం తొక్కుతున్న కాళ్లు. ఆ కాళ్ల కష్టం తిని పెరిగిన కూతురికి అది తెలియలేదు.

పరాయివాళ్ల ముందు నోరు విప్పని నేను, లోపలికి వస్తానని అడిగాను. ఒంటిమీద లోహం ఉండకూడదన్నారు. మెట్టెలు, పుస్తెలు తీసి ఆడబిడ్డ చేతిలోనే పెట్టాను.

"మొగడుండంగ పుస్తెలు తీస్తవా? సిగ్గులేదా?"

లోపలికి వెళ్లి అత్తమ్మ చెవి దగ్గర వంగాను. "అత్తమ్మా, పోగు తెగింది. జర ఆగు, అతుకుతున్న."

ఆ కాళ్లు ఆగాయి. మిషన్ మళ్లీ మొదలైనా చివరిదాకా కదల్లేదు. బొమ్మలు చక్కగా వచ్చాయి. ఆడబిడ్డ ఆ రోజు మళ్లీ నాటకం అనలేదు. రెండో రోజు నుంచి అన్నది.

శుక్రవారం, కాలి బొటనవేళ్లు కలిపి కట్టడానికి దారం కావాలన్నారు. ఆడబిడ్డ ఏడుపులో తీరిక లేకుండా ఉంది. అత్తమ్మ పెట్టెలోంచి పట్టుపోగు తెచ్చి నేనే కట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు అతికానని ఆమెకు చెప్పనేలేదని.

వంగి చెవిలో చెప్పాను. "అతికిన అత్తమ్మా. ఇగ తొక్కు."

రెండు పాదాలూ పక్కపక్కన అలాగే ఆగి ఉన్నాయి.