తడి చెయ్యి

నా చిన్నప్పుడు చోడవరం చుట్టుపక్కల బెల్లం వండే రోజులొస్తే మా తాతయ్య పొయ్యి దగ్గరే ఉండేవాడు. పాకం కుదిరిందో లేదో చూడటానికి చెయ్యి చన్నీళ్ల బానలో ముంచి, చెరకురసం సలసల కాగే లోతైన పెనంలోంచి రెప్పపాటులో కాస్త పాకం తీసి, మళ్లీ నీళ్లలో పెట్టేవాడు. మాకు అందులో వింతేమీ ఉండేది కాదు. మా ధ్యాసంతా ఆ పాకం ముద్ద మీదే.

ఆ ఏడే మా ఊరికి ఒక స్వామి వచ్చాడు. అన్నదానం రోజున తీర్థంతో చెయ్యి కడుక్కుని, కాగే నూనెలోంచి ఉత్తచేత్తో గారె తీసి చూపించాడు. ఊరు ఊరంతా కాళ్ల మీద పడింది. రోజూ పాకంలో చెయ్యి పెట్టే మా పొయ్యి మనుషులైతే అందరికంటే ముందే పడ్డారు. కాషాయం కనబడేసరికి వాళ్ల తెలివి తెల్లారిపోయింది.

ఆ సాయంత్రం తాతయ్య నాకు మాత్రం చెప్పాడు. "తడి సెయ్యి అంత ఏగిరం కాలదే గుంటా. ఆడు సేసిందీ అదే."

పక్కింటి అక్కకు మూర్ఛలు. పట్నం డాక్టరు ఇచ్చిన బిళ్లలతో ఏడాదిగా అవి రాకుండా, నవ్వుతూ తిరుగుతోంది. నాకు జడ వేసేది ఆమే. స్వామి ఆ బిళ్లలు పారేసి తన తీర్థం తాగమన్నాడని తెలిసి, తాతయ్య చెయ్యి పట్టుకు లాగాను. "అక్కకి సెప్పు తాతా."

తాతయ్య వాళ్ల గుమ్మం దాకా నడిచాడు. లోపల భజన జరుగుతోంది. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారంటారు. నానొక్కడినీ సెప్తే ఇంటారేటి? రేపు సూద్దాంలే" అన్నాడు.

ఆ రేపు రాలేదు. బిళ్లలు మానేసిన అక్క ఒక పొద్దున నీళ్లకని కాలవకు వెళ్లింది. ఒడ్డున మూర్ఛ వచ్చి నీళ్లలో పడిపోయింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. కర్మ అన్నాడు స్వామి. ఊరూ అదే మాట అంది.

మర్నాడు తాతయ్య అందరినీ పొయ్యి దగ్గరకు పిలిచాడు. "సూడండి, ఇందులో మహిమేటీ లేదు" అంటూ పాకంలో చెయ్యి పెట్టాడు. నీళ్ల బాన పక్కనే ఉంది. తడపడం మరిచిపోయాడో, తడపకూడదనే అనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. చెయ్యి కాలిపోయింది. స్వామిని అన్నందుకు దేవుడే శిక్ష వేశాడని జనం చెంపలేసుకున్నారు.

స్వామి దశ తిరిగింది. దేవరాపల్లి వైపు ఆశ్రమం కట్టాడు. భూములు రాయించుకున్నాడు. సేవకని వచ్చిన ఆడపిల్లల బతుకులు పాడుచేశాడు. చాలా ఏళ్లకు పోలీసులు పట్టుకెళ్లాక తెలిసింది, స్వామి కాకముందు ఏదో హోటల్లో బజ్జీలు వేసేవాడని. అప్పటికి మా అక్కలాంటి వాళ్లు ఎందరు పోయారో ఎవరికీ తెలియదు. తాతయ్య అంతదాకా లేడు. ఉన్నన్నాళ్లూ కాలి వంకరపోయిన ఆ వేళ్లతోనే నాకు జడ వేశాడు.

ఇప్పుడు మనవలు ఫోనులో ఎవరో బాబా మహిమలు చూపిస్తే ఊరుకోను. ముసలిదానికి చాదస్తం అంటారు, అననీ. వీధిలో ఎవరైనా స్వామి మాట విని మందులు మానేశారని తెలిస్తే, చెప్పులేసుకుని బయలుదేరుతాను. లోపల భజన జరుగుతున్నా సరే, గుమ్మం దాటి వెళ్లి చెప్పి వస్తాను. మా తాతయ్య ఆగిపోయింది అక్కడే.