శవాల గదిలో రికవరీ

ఈరోజు ఒక దవాఖానలో శవాల గది ఫ్రిజ్ చెడిపోతే జనగామ నుంచి మమ్మల్ని పిలిచారు. నేను చదివింది మూడో తరగతే, కానీ కూలింగ్ పనిలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. లోపల నర్మెట్ట యువకుడి శవం ఉంది. తెలంగాణ ధూంధాం పాటల సభకు పోయి వస్తూ బండి మీది నుంచి పడ్డాడట, కొన్నాళ్లు ఇదే దవాఖానలో ఉండి చనిపోయాడట. సమ్మెతో బస్సులు లేక వాళ్ల అన్న ఇంకా భూపాలపల్లి నుంచి రాలేదు. అతను వచ్చేదాకా శవం చెడిపోకూడదు. తండ్రి గుమ్మం బయట కూర్చున్నాడు.

రిపేరుకు ముందు, ఫ్రిజ్‌లో మిగిలిన గ్యాస్‌ను గాలికి వదలకుండా సిలిండర్‌లోకి పట్టాలి. దాన్ని మేము రికవరీ అంటాం. మా ఇంజనీర్ యాదగిరి, "నీళ్లు పాయె, కొలువులు పాయె, గీ గ్యాసన్న పోనియ్యకుండ్రి!" అన్నాడు. అందరం నవ్వాం. గ్యాస్ పట్టడం అయిపోగానే వాడే గట్టిగా అరిచాడు: "కాకా, రికవరీ అయింది!"

తండ్రి దిగ్గున లేచి లోపలికి వచ్చాడు.

"మావోడేనా అన్నా? డాక్టర్ సారు రోజూ గదే మాట చెప్పిండు, రికవరీ అయితడని."

యాదగిరి వంగి సిలిండర్ మూత బిగించసాగాడు. నేనే చెప్పాల్సి వచ్చింది.

"కాదు తమ్మీ. గ్యాస్."

"గ్యాసా" అని ఆయన పోయి మళ్లీ అక్కడే కూర్చున్నాడు.

ఫ్రిజ్ బాగైంది. మా పనికి మాత్రం ఇంకో పేరు కావాలి. చదువుకున్నవాళ్లు కింద కామెంట్లలో రాయండి. శవాల గదిలో అరిచినా ఎవరూ లేచి రాని మాట అయి ఉండాలి.