పడుగు దాటని కారు

మా అన్నకు యాభై ఎనిమిదో ఏట నాయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నాయన పోయి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి ఆ ప్రేమ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

కారణం కొడుకు సంబంధం. పిల్ల వాళ్లది రాయచోటి, తండ్రి కాంట్రాక్టరు. మాటల మధ్యలో ఆయన, మీరు మొదటి నుంచి ఉన్నవాళ్లేనా అని ఆరా తీశాడట. మా అన్న కర్నూలులో ప్లాట్లు అమ్మే మనిషి. లేని రోడ్డును చూపించి భూమిని అమ్మడంలో చెయ్యి తిరిగినవాడు. మా నాయన కాలంలోనే మాకు కారు ఉండేదని వెంటనే చెప్పాడు. అంతవరకు నిజమే. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆ కారు ఇప్పటికీ ఉందని, నిశ్చితార్థం నాడు పెళ్లికొడుకు తాత ఇంటి నుంచి తాత కారులోనే బయల్దేరతాడని, మీరే వచ్చి చూడండని కూడా నోరు జారాడు. వాళ్లకు ఇంకో సంబంధం కూడా చూపులో ఉంది. కాబట్టి ఆ కారు కదలకపోతే పిల్ల చేజారుతుందని అన్న భయం.

కారు ఉన్న మాట అబద్ధం కాదు. పాత ఇంటి పెరట్లో, విరిగిన మగ్గం చెక్కల కింద ఉంది. వెనక సీటు కోళ్లది. డిక్కీలో ఒక పిల్లి, దాని తర్వాత దాని కూతురు, కాన్పులు చేసుకుంటూ వచ్చాయి. దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని నేను రెండుసార్లు అంటే, పాత ఇనుము కోసం ఎవడు తిరుగుతాడు వదిలేయ్ అన్నది ఈ పితృభక్తుడే.

మా నాయన నేతగాడు. ఇంట్లో నాలుగు మగ్గాలు, బయట పది ఇళ్లకు నూలు ఇచ్చి నేయించేవాడు. చీరల మూటను బస్సు పైన వేసి కర్నూలు తీసుకుపోతుంటే ఒకసారి వానకు మూటంతా తడిసి, ఎరుపు పోయి పసుపులో పడింది. ఆ కోపంలో కర్నూలులో ఒక డాక్టరు వాడి వదిలేసిన అంబాసిడర్ కొన్నాడు. కొనేటప్పుడు ఒక్క సంగతి మరిచాడు. మా ఇల్లు ఉన్నది నేత వీధిలో.

తెలియనివాళ్లకు చెప్పాలి. నేత వీధిలో తెల్లవారకముందే పడుగులు బయటికి వస్తాయి. పడుగంటే చీరకు నిలువునా ఉండే పోగులు. వేల పోగులను పక్కపక్కనే పేర్చి, వీధి పొడవునా వెదురు గుంజల మీద చాచి కడతారు. బియ్యం గంజి పట్టించి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నడుస్తూ కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోపు గంజి ప్రతి పోగుకూ ఎక్కాలి. మధ్యలో కదిపితే తడి పోగులు ఒకదానికొకటి అంటుకుని అట్టకడతాయి. ఆ పడుగు ఇక మగ్గం ఎక్కదు, దాన్ని నమ్ముకున్న ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే పొద్దున తొమ్మిది దాకా ఆ వీధిలో బండి కదలకూడదు. ఎద్దుల బండైనా ఒకటే, కలెక్టరు జీపైనా ఒకటే. పడుగు ఎత్తి గోడకు ఆనించేది రెండింటికే, కాన్పుకూ శవానికీ.

నేను పుట్టినప్పుడు అమ్మను కారులో ఆస్పత్రికి తీసుకుపోవడానికి వీధి వీధంతా పడుగులు ఎత్తిందట. ఏడు పడుగులు ఎత్తించి పుట్టినదానివి, బాగా చదవకపోతే ఊరుకోను అని అమ్మ నన్ను పదో తరగతి దాకా బెదిరించింది. ఆ బెదిరింపుకే లెక్కల టీచరునయ్యాను.

మిగతా రోజుల్లో మా కారు ప్రయాణం ఇలా సాగేది. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చీరలు సర్ది, కారు స్టార్ట్ చేసేవాడు. పది గజాలు పోగానే పడుగు అడ్డం. ఇంజను ఆపి, దిగి, చొక్కా విప్పి పక్క అద్దానికి తగిలించి, ఎవరి పడుగైతే వాళ్లతో కలిసి కుంచె పట్టేవాడు. పని ముగిశాక చేతులు కడుక్కుని బయల్దేరితే, కర్నూలు చేరేసరికి చీరలు కొనే షావుకారు భోజనానికి ఇంటికి పోయి ఉండేవాడు. కారున్న మారాజు బస్సు కంటే వెనక చేరతాడని ఊళ్లో నవ్వేవాళ్లు. వెనక సీట్లో కూర్చున్న నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. ఆ సీటుకు కూడా నాయన మగ్గం మీద మిగిలిన చీర ముక్కలే కుట్టించాడు. గంజికి అట్టలాగా ఉండి, దిగేసరికి నా తొడల మీద అంచు డిజైను అచ్చుపడి ఉండేది. పడుగు దాటలేని మనిషికి కారెందుకని చాలా ఏళ్లు అనుకున్నాను, ఒకటి రెండుసార్లు ఆయన ముందే అన్నాను కూడా. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

కారును లారీ మీద ఎక్కించి కర్నూలు పాతబస్తీలో ఒక ముసలి మెకానిక్ దగ్గర దించారు. నాయన కాలంలో ఈ బండి మరమ్మతులు చూసినవాడు ఆయనే, అందరం భాయ్ అనేవాళ్లం. బానెట్ ఎత్తి, అరగంట సేపు లోపల వెదికి, ఇంజను గట్టిగా ఉందని, ఇన్నేళ్ల బండికి ఇంత తక్కువ అరుగుదల తానెప్పుడూ చూడలేదని ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆయనకే గుర్తొచ్చి నవ్వాడు. మా నాయన దాన్ని నడిపిన దాని కంటే ఆపి ఉంచిందే ఎక్కువ.

తుప్పు గీకి, రేకు అతికి, పాత తెలుపు రంగు వేస్తే రెండు నెలల్లో అయిపోతుందని భాయ్ లెక్క. అన్న జేబులోంచి చీటీ తీశాడు. మెరిసే మెరూన్ రంగు, ఏసీ, పాటలు వినడానికి టీవీ అంత తెర, తెల్లగా మండే లైట్లు, మూడు రాగాలు పలికే హారన్. చివరగా, ఇవన్నీ పెట్టినా పాతకాలపు కళ మాత్రం పోకూడదని రాసి ఉంది. భాయ్ ఆ చీటీని చదివి మడిచి, మా అన్న వైపు చూశాడు.

"దీన్ని బాగు చేయాల్నా సాబ్, ఇది మీదని తెలీకుండా చేయాల్నా?"

అన్న దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. అయిదు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం నేను షెడ్డుకు పోయేదాన్ని. అన్నను ఎగతాళి చేయడానికి పోతున్నానని ఇంట్లో చెప్పాను, అది నిజమే. ఇంకో కారణం చెప్పడానికి సిగ్గయింది. ఆ తలుపు తీస్తే గంజి వాసన ఇంకా ఉంటుందేమోనని, ఆ సీటు మీద ఒక్కసారి కూర్చోవాలని ఉండింది. రెండో ఆదివారానికే సీటు గుడ్డ పీకేశారు. ఆ అంచు ముక్కతో షెడ్డులో పనివాళ్లు చేతుల గ్రీజు తుడుచుకుంటున్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. అన్న మాత్రం కొత్త తోలు సీటును నిమురుతూ, నాయన ఉండి ఉంటే ఎంత సంతోషపడేవాడో అన్నాడు.

ముహూర్తానికి వారం ముందు అన్నకు వీధి సంగతి గుర్తుచేశాను. ఇప్పుడు ఆ వీధిలో నేసేది ఒక్క ఇల్లే. మా ఎదురింటి అత్త, డెబ్బై అయిదు దాటిన మనిషి, కొడుకూ కోడలితో కలిసి సోమవారం సోమవారం పడుగు చాపుతుంది. నిశ్చితార్థం పడింది సోమవారమే. నేను చూసుకుంటాలేమ్మే అని అన్న డ్రైవరు చేత ఒక మిఠాయి డబ్బా పంపాడు. అత్త డబ్బా తీసుకుంది, ఏమీ అనలేదు. ఎదుటి మనిషి మౌనాన్ని సంతకం కింద లెక్కేసుకోవడం మా అన్నకు వ్యాపారంలో అలవాటు.

ఆ రోజు వచ్చింది. పాత ఇంటికి సున్నం కొట్టించారు, వీధికి కనపడే గోడకు మాత్రం. పిల్ల తండ్రి తన కార్లను వీధి మొదట్లో ఆపి నడిచి వచ్చాడు. మెరూన్ కారుకు మల్లెపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. ఏడు పదికి కదలాలి, ఏడున్నరకు వర్జ్యం. అన్న పెళ్లికొడుకును వెనక కూర్చోబెట్టి తానే స్టీరింగు పట్టాడు. నిమ్మకాయలు చితికాయి. కారు పది గజాలు పోయి ఆగింది. ఎదురుగా పడుగు.

హారన్ మూడు రాగాలూ పలికింది. అత్త కొడుకూ కోడలూ తల తిప్పలేదు. వాళ్లకు ఎప్పుడూ ఒక మనిషి తక్కువే, నాలుగో కుంచె గుంజకు వేలాడుతోంది. రెండోసారి కొట్టాక అత్తే కుంచె పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. గంజి చుక్కలు మెరూన్ బానెట్ మీద పడ్డాయి. అన్న అద్దం దించి, మంచి గడియ పోతాండాది, రవ్వంత ఎత్తండత్తా అన్నాడు.

"కాన్పొచ్చిందా, కాలం చేసినారా?" అంది అత్త.

అన్న చేతి గడియారం చూపించాడు.

"ఇప్పుడే గంజి పెట్టినాం. ఎత్తితే అట్టకడతాది. మీ నాయన ఇట్ల హారన్ కొట్టలేదప్పా. దిగొచ్చి కుంచె పట్టుకుంటాండె."

పిల్ల తండ్రి నా పక్కనే నిలబడి ఉన్నాడు. నిజమేనామ్మా అని నన్ను అడిగాడు. కారు లోపలి నుంచి అన్న నా వైపు చూశాడు. ఇంట్లో నాకు నోటిదురుసుదని పేరు. ఇలాంటి గడియ ఒకటి దొరకాలని ముప్పై ఏళ్లుగా కాచుకుని ఉన్నాను. అబద్ధం చెప్పి అన్నను కాపాడవచ్చు, నిజం చెప్పి పరువు తీయవచ్చు. పరువు తీద్దామనే నోరు తెరిచాను.

"దిగేవాడు" అన్నాను. "చొక్కా విప్పి అద్దానికి తగిలించి..."

మిగతాది రాలేదు. ఎగతాళి చేయబోయి ఏడ్వడం నాకు అదే మొదలు.

అన్నకు ఇక దిగక తప్పలేదు. పట్టు చొక్కా కింద నడుముకు డాక్టరు బెల్టు ఉంది కాబట్టి చొక్కా మాత్రం విప్పలేదు. నాలుగో కుంచె పట్టుకున్నాడు. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను వియ్యంకుడి మీద, ఇక పడుగు మీద పెట్టడానికి కన్ను మిగల్లేదు. ఎదురు గీకొద్దప్పా, పోగులు తెగుతాయి అని అత్త రెండుసార్లు చెప్పింది. ఆయన ఎదురే గీకాడు. పిల్ల తండ్రి ఫోను తీసి వీడియో పట్టాడు. ఏడున్నర దాటింది, వర్జ్యం వచ్చింది, మల్లెలు వాడాయి. కారు గంట సేపు అక్కడే నిలబడింది. అయిదు నెలల్లో మొదటిసారి అది నాకు మా కారులా కనిపించింది.

సంబంధం చెడలేదు. పడుగు కోసం ముహూర్తం వదులుకున్న ఇంటికి కళ్లు మూసుకుని పిల్లనివ్వవచ్చని కాంట్రాక్టరు ఫంక్షన్ హాల్లో అందరి ముందూ అన్నాడట. ఆ సాయంత్రానికి మా అన్న కథ మార్చేశాడు. కావాలనే ఆగామని, అది మా ఇంటి ఆచారమని, నాయన నేర్పినదేనని. ఆ వీడియోకు వీణ పాట జతచేసి అందరికీ పంపాడు. పట్టు చొక్కా, కుంచె, వెనక మెరూన్ కారు కనపడతాయి. తెగిన పోగులు కనపడవు.

నేను హాలుకు వాళ్లతో పోలేదు. అత్త దగ్గర ఉండిపోయాను. అన్న మీద ఒక్క మాట అనకుండా ఆమె పడుగు మీదికి వంగి తెగిన కొసలు వెదుకుతోంది. నేతగాడి కూతుర్ని కదా, నేను రెండో వైపు నిలబడి దొరికినవి ముడివేస్తూ వచ్చాను. అయిదారు వేసి ముందుకు జరిగాక వెనక్కి చూస్తే, అత్త నేను వేసిన ముడులను ఒక్కొక్కటే విప్పి మళ్లీ వేస్తోంది. నేను చూశానని ఆమెకు తెలిసింది.

ఏదో ఒకటి అనాలని, మా నాయన ఉండి ఉంటే సరిగ్గా వేసేవాడత్తా అన్నాను.

"మీ నాయన గూడా మొదట్లో హారన్ కొడతాండె లేమ్మా" అంది అత్త, తల ఎత్తకుండా. "నీ కాన్పుకు అందరం ఎత్తినాం. మిగతావోళ్లు ఇంగా గంజి పెట్టలే. నాది పెట్టింటి. అట్టకట్టి పాయ. అప్పుటి నుంచి దిగబట్టినాడు."

అమ్మ ఏడు పడుగుల గురించి చెప్పింది కానీ ఆ ఒక్కదాని గురించి చెప్పలేదు. పడుగు దాటలేని మనిషికి కారెందుకని నేను అడిగినప్పుడు నాయనా చెప్పలేదు. వేళ్ల మధ్య ఉన్న రెండు కొసలూ జారిపోతున్నాయి. వాటిని అత్త చేతికి ఇచ్చి, ముడి ఎట్లా వేయాలో చూపించమని అడిగాను.