ఎర్రగా వచ్చిందా?

మొన్న మేం ఇప్పుడుంటున్న మోవా పేటలో పక్కింటి కోడలు కంగారుగా వచ్చి, టీబీ మందులు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా వస్తోందనీ, అది మందు రంగేనని ఫోనులో ఉన్నా భయం తగ్గడం లేదనీ చెప్తుంటే, నాకు నవ్వూ వచ్చింది, చనిపోయిన మా అత్తగారు గుర్తొచ్చి కళ్ళూ చెమర్చాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేం ఇదే హిందీ ఊరి చివర, బీర్‌గావ్ బస్తీలో ఉండేవాళ్ళం. మా మరిది ఆ పక్కనే ఉర్లాలో ఇనుము పోతపోసే కార్ఖానాలో పనిచేసేవాడు, నేనేమో టీబీ మందులిచ్చే కేంద్రంలో అప్పుడే చేరాను, ఆ జబ్బు కాస్తా మా ఇంటికే వచ్చి మరిదిని పుల్లలా చేసేసింది. మందులు పడగానే మూత్రం ఎర్రబడిందని విని, మా అత్తగారు పిల్లాడికి వేడి చేసేసిందని తేల్చేసి, నేను డ్యూటీకి వెళ్ళగానే మాత్రలు బియ్యం డబ్బా వెనక దాచి, బార్లీ నీళ్ళూ సబ్జా గింజలూ పట్టించడం మొదలుపెట్టారు. వేడి అంటే మనవాళ్ళకి ఎంత నమ్మకమో మీకు నేను చెప్పాలా! రంగు పోయింది, ఆవిడ మురిసిపోయారు, దగ్గు మాత్రం మళ్ళీ ఎక్కువైంది.

సంగతి తెలిసిన రోజు, అంతవరకూ అత్తగారి ముందు గొంతెత్తి ఎరగని నేను, ఆవిడని కూర్చోబెట్టి చెప్పాను. ఒక మందు ఆ క్రిమిని తన చుట్టూ గోడ కట్టుకోనివ్వదనీ, ఆ ఎర్రమందు దాని బతుక్కి కావలసిన సరుకు తయారవనివ్వదనీ, ఇంకొకటి నక్కి కూర్చున్నవాటిని పట్టుకుంటుందనీ, బాగుందని మధ్యలో మానేస్తే మిగిలినవి మొండికెత్తి మందులకి లొంగవనీ, అప్పుడు మీ కొడుకు మనకి దక్కడనీ మొహం మీదే అనేశాను. ఎరుపు వేడి కాదు, మందు ఒంట్లోకి దిగిందన్న గుర్తు అన్నాను. ఆవిడ లేచి తనే ఆ మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

డాక్టరుగారిని అడిగి మళ్ళీ మొదలుపెట్టించాను. ఇక చూడండి, మందు వేసుకున్న రోజల్లా ఆవిడ స్నానాలగది తలుపు దగ్గర నిలబడి ఎర్రగా వచ్చిందా అని కేకేస్తే, పాపం మా మరిది సిగ్గుతో చచ్చిపోయేవాడు! చివరికి తెమడ పరీక్షలో క్రిమి లేదని తేలాక కూడా ఆవిడ ఊరుకోలేదు, బస్తీలో మందు మింగేవాళ్ళందరినీ తన వచ్చీరాని హిందీలో "లాల్ ఆయా క్యా?" అని నిలదీసేవారు, వాళ్ళు ఆవిడకి లాల్‌వాలీ అమ్మ, అంటే ఎరుపు అమ్మ, అని పేరే పెట్టేశారు. నేను పాఠం చెప్పింది ఒక్క మనిషికి, ఆవిడ చెప్పింది బస్తీ అంతటికీ, ఆ గర్వం నాకిప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు ఆ మందులన్నీ ఒకే బిళ్ళలో వస్తున్నాయి, వేసుకోమని ఫోనే మోగి చెప్తోంది, మంచిదే, మా రోజుల్లో ఈ సుఖం ఎక్కడిది? అయినా ఫోను అంతా సరిగ్గా చెప్పాక కూడా ఆ పిల్ల గోడ దాటి నా దగ్గరికే వచ్చింది కదా. మర్నాడు పొద్దున్నే పిట్టగోడ దగ్గర నిలబడి ఆమెని కేకేశాను, అచ్చం మా అత్తగారి గొంతుతోనే.

"అమ్మాయ్, ఎర్రగా వచ్చిందా?"