రంజాన్ పోయినా నీళ్లు తాగలేదు

ఆ సాయంత్రం నమాజులో నుదురు నేలకు ఆనించే సజ్దాకు వంగానో లేదో, మూత్రం చుక్కలు జారాయి. నమాజుకు ముందు కడుక్కుని చేసుకున్న శుద్ధి, వజూ పోయింది. మళ్లీ కాళ్లూ చేతులూ కడుక్కుని నిలబడ్డాను. మళ్లీ అదే. పైగా మంట. ముట్లు ఆగాయి, ఇక హాయి అనుకుంటున్నదాన్ని!

కేసముద్రంలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మిషన్ మీద నిలకడగా కూర్చోలేను, లేచి బాత్రూముకు పరుగే. బస్సెక్కాలంటే భయం. బయ్యారంలో ఉన్న మా అక్క, మా ఆపా దగ్గరికి పోవడం మానేశాను. నా ఇల్లే నాకు జైలైంది. అన్నిటికంటే నమాజు దూరమవుతున్నదని ఏడుపొచ్చేది.

రంజాన్ వచ్చింది. పగలంతా నీళ్లు లేక పరుగులు తగ్గాయి. మందు దొరికిందని మురిసిపోయి, పండగ దాటినా పగలు నీళ్లు ముట్టలేదు. కొన్నాళ్లకు చలిజ్వరం, మూత్రంలో రక్తం.

"ఇంక మొండికెయ్యకు, దవాఖానకు నడువ్" అని మా ఆయన మహబూబాబాద్ తీసుకుపోయాడు. యూరిన్ కల్చర్ చేశారు, యాంటీబయోటిక్స్ ఇచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ అవే మాత్రలు. చివరికి ఒక డాక్టరమ్మ అడిగింది:

"ముట్లు ఆగినయా అమ్మా?"

అంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"మెనోపాజ్‌ల ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతది. మూత్రం దారి ఎండిపోయి పలచనైతది, ఇన్ఫెక్షన్ జల్ది పడతది. నువ్వు నీళ్లు గూడ మానేస్తివి!"

లోపల పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీము రాసింది, కింది కండరాలు బిగబట్టే వ్యాయామం నేర్పింది. మంట తగ్గగానే, ఈ వయసులో ఇదేం పూతలని సిగ్గుపడి క్రీము ఆపేశాను. మంట తిరిగొచ్చింది. ఆపాకు ఫోన్ చేసి బోరుమన్నాను.

"నేను వస్తలేనని కోపమా ఆపా? నాకు మూత్రం ఆగక గిట్లయితుంది. నమాజు గూడ నిలుస్తలేదు."

"నాకు కోపమేందే? నాకూ గదే బాధ. బస్సెక్కలేకనే నేను గూడ వస్తలేను. నువ్వే అలిగినవనుకున్న" అంది ఆపా.

ఒక్క కడుపున పుట్టినవాళ్లం, ఒకే బాధను చెరో ఇంట్లో దాచుకుని కూర్చున్నాం. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆపాను ఆ డాక్టరమ్మకే చూపించాను. నేను క్రీము మళ్లీ మొదలుపెట్టాను, నీళ్లు తాగుతున్నాను. పూర్తిగా బయటపడలేదు, కొత్తచోటికి పోతే ముందు బాత్రూమ్ ఎక్కడని వెతుకుతాను. నమాజు మాత్రం విడవడం లేదు. మీకు ముట్లు ఆగి, మూత్రంలో మంట మాటిమాటికీ వస్తుంటే, డాక్టరు అడిగేదాకా ఆగకండి. ముట్లు ఆగిన సంగతి మీరే ముందు చెప్పండి. ఆ తర్వాత మీ అక్కచెల్లెళ్లను అడగండి.