దొర బంగ్లా బీరువా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక బీరువా నడిచేది. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. నేను నవ్వలేను. అది నడవడం నేను కళ్ళారా చూశాను.

అప్పుడు నేను ఎనిమిదేళ్ళ ఆడపిల్లని. దొరల పాలన రోజులు. మా నాన్న కింద మైదానం నుంచి వచ్చి, పాచిపెంటకి పైన కొండలెక్కే బాటలో ఒక సంత ఊళ్ళో కొట్టు పెట్టాడు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు అమ్మేవాడు. చింతపండు, పసుపు, కరక్కాయలు కొనేవాడు. కొట్టు వెనకే మా ఇల్లు. మట్టిగోడలు, పేడతో అలికిన నేల, వాన నీళ్ళు నిలవకుండా గుమ్మం వైపు కొంచెం వాలుగా ఉండేది. ఇంట్లో సామాను తక్కువ. మా నాయనమ్మ కాలం నాటి పట్టెమంచం ఒకటి, బండి మీద తెచ్చుకున్న భోషాణం ఒకటి, రెండు పీటలు, ఆర్నెల్ల మా తమ్ముడికి కర్ర తొట్టె. అంతే.

ఊరికి పైన కొండ మీద ఒక దొర బంగ్లా ఉండేది. చాలాకాలంగా పాడుబడి ఉంది. ఆ ఏడు అందులోని సామాను వేలం వేశారు. మా నాన్న వెళ్ళి ఆ బీరువా తెచ్చాడు. ఎనిమిది మంది మోకులు కట్టి మోసుకొచ్చారు. నల్లగా నిగనిగలాడే చెక్క, తలుపుకి నిలువెత్తు అద్దం. మా ఇంటి వాసానికి జానెడు తక్కువ ఎత్తు. దానికి చోటు చేయడానికి భోషాణాన్ని పెరటి పాకలోకి నెట్టేశారు. కొండల్లో ఉన్నంత మాత్రాన మనం కొండవాళ్ళలా బతకాలా అని మా నాన్న సంబరం. మా అమ్మ పట్టుచీరలు మడతపెట్టి అందులో పెట్టుకుంది. తొట్టె దాని ఎదురుగా కొంచెం ఓరగా ఉండేది, పొయ్యి వెచ్చదనం తగిలేచోట.

అది వచ్చిన కొద్ది రోజులకే మంచు కాలం మొదలైంది. మా వైపు మంచు కురవడం కాదు, నడిచి ఇంట్లోకి వస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా గుమ్మంలోంచి తెల్లగా పాకి, నేలంతా పరుచుకుని, ఎదురుగోడ కనపడకుండా చేసేది. అలాంటి ఒక మధ్యాహ్నం నేను తమ్ముణ్ణి ఊపుతూ కూర్చున్నాను. బీరువా తలుపు దానంతటది తెరుచుకుంది. చప్పుడు లేదు. అద్దంలో గోడ, పొయ్యి, తెల్లటి గుమ్మం ఒక్కొక్కటే కదిలిపోయి, చివరికి నేనూ తొట్టే కనిపించాక తలుపు ఆగింది. ఎవరో అద్దం పట్టుకుని మమ్మల్ని వెతికి చూసినట్టు ఉంది. లోపల్నుంచి టిక్ టిక్ అని ఒక చప్పుడు వచ్చింది. గోటితో చెక్క మీద కొట్టినట్టు.

ఆ రోజు నుంచి రోజూ అంతే. తలుపు మూస్తాం, తెరుచుకుంటుంది. గొళ్ళెం పెడితే కాసేపాగి ఊడిపోతుంది. మా అమ్మ పట్టుచీరలు తీసేసి మంచం కింద పెట్టుకుంది.

విస్తళ్ళకి అడ్డాకులు తెచ్చి ఇచ్చే కొండ అవ్వ ఒకావిడ ఉండేది. ఎప్పుడూ లోపలికి వచ్చి తమ్ముణ్ణి ముద్దాడి పోయేది. ఆ వారం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బీరువా వైపే చూస్తూ, తనకొచ్చిన కొంచెం తెలుగులో, "అది నడిసి వత్తంది, అమ్మా" అంది.

మా అమ్మ ఆ మాట నాన్నతో చెప్పింది. నాన్న నవ్వేశాడు. "కాళ్ళున్నంత మాత్రాన నడుత్తాదేటే?" అన్నాడు. ఆ మర్నాడే ఉప్పు తేవడానికి సాలూరు వెళ్ళిపోయాడు. నాన్న వెళ్ళాక నేను బీరువా వెనక్కి చెయ్యి పెట్టి చూశాను. తెచ్చిన కొత్తలో గోడకీ దానికీ మధ్య నా చెయ్యి పట్టేది కాదు. ఇప్పుడు మోచెయ్యి దాకా వెళ్ళింది. నేను అమ్మకి చెప్పాను. అమ్మ తనూ చెయ్యి పెట్టి చూసింది. నాన్న రాకకోసం ఆగకుండా వడ్రంగి తాతకి కబురు పంపింది.

వడ్రంగి తాత ఏనాడో మైదానం నుంచి వచ్చి కొండల్లో స్థిరపడ్డ మనిషి. ఆ చుట్టుపక్కల నాగళ్ళూ, గుమ్మాలూ, తొట్టెలూ అన్నీ ఆయన చేతివే. వచ్చాడు, గుమ్మంలో నిలబడి బీరువాని కాసేపు చూశాడు. "ముందు ఆ బుడ్డోడి తొట్టి ఇవతలకి లాగండమ్మా. బేగి" అన్నాడు. ఆ "బేగి"లో తొందర వినగానే మా అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని తొట్టె ఇవతలకి లాగేసింది.

నేను పెరట్లోకి పారిపోబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏటే గుంటా, బయమేసిందా? బయమేస్తే పారిపోతే ఎలా తెలుత్తాది? ఈ పీట మీద కూకుని సూడు. నేనూ నీ పక్కనే ఉంటాను" అన్నాడు. తర్వాత బియ్యప్పిండి అడిగి, జల్లెడ నా చేతికిచ్చి, బీరువా నాలుగు కాళ్ళ చుట్టూ పల్చగా చల్లించాడు. నేల తెల్లగా అయింది.

ముగ్గురం గుమ్మం పక్కన కూర్చున్నాం. మంచు వచ్చింది, పిండి మీద పిండిలా పరుచుకుంది. ఎంతసేపైందో తెలీదు. తలుపు తెరుచుకుంది. అద్దం గోడ మీదుగా, పొయ్యి మీదుగా తిరిగి, తొట్టె ఉండాల్సిన ఖాళీ చోటు చూపించి ఆగింది. మా అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

తాత లేచి, వంగి చూసి నన్ను పిలిచాడు. పిండిలో ముందు కాళ్ళ వెనక, గోరు వెడల్పున నేల నల్లగా బయటపడి ఉంది. బీరువా నిజంగానే ముందుకు జరిగింది. కాలి పక్కన సన్నటి గోధుమరంగు పొడి కుప్పగా రాలి ఉంది. ఆయన ఆ కాలి మీద వేలు పెట్టి నొక్కాడు. మాగిన పండులో దిగినట్టు వేలు సగం దాకా దిగిపోయింది.

మా అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గుమ్మం బయటికి జరిగింది. ఇంకో వారం ఆగితే ఆ బరువంతా తొట్టె మీదే పడేది.

పైనంతా మంచి టేకని, కాళ్ళు మాత్రం ఎవరో తర్వాత మామిడి కర్రతో వేశారని తాత చెప్పాడు. బంగ్లాలో రాతిపలకల నేల మీద నిలబడ్డ సామాను అది. అక్కడే పుచ్చుపురుగు పట్టిన కాళ్ళు మా అలికిన నేల తడికి నాని మెత్తబడ్డాయి. ఆ టిక్ టిక్ పురుగుది. నేల వాలుకి తలుపు దానంతటది తెరుచుకుంటోంది. తెరుచుకున్నప్పుడల్లా అద్దం బరువు బీరువాని ముందుకి లాగుతోంది. "ఆ ఆకుల ముసల్ది సరిగ్గా సూసింది. దయ్యం ఊసెత్తలేదు కదా. నడిసి వత్తందంది, అంతే" అన్నాడు. అంతవరకూ ఆవిడ మాటని మేమే దయ్యం కిందికి తిప్పుకున్నామని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే మోకులు కట్టి పడిపోకుండా ఆపి, బీరువాని పలకలుగా విప్పేశాడు. పాకలోంచి భోషాణం లోపలికి తెచ్చి, దాని కింద నాలుగు రాళ్ళు పెట్టాడు. అది పాతదే, కానీ ఇలాంటి నేల మీద పుట్టిన పాతదన్నాడు. టేకు చెక్కలతో గోడకి ఎత్తుగా ఒక అర, కూర్చోడానికి పొట్టి బల్ల చేసిపెడతానన్నాడు. సామాను ఎంత అందంగా ఉందో చూసేముందు మన నేలనీ, మన గుమ్మాన్నీ, మన తడినీ చూసుకోమని మా అమ్మకి నెమ్మదిగా చెప్పాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. చివర్న లోపలి పక్కపలక ఊడదీసి వెలుగులోకి తిప్పేసరికి, దాని మీద పెన్సిలు గీతలు కనిపించాయి. అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. పక్కన మాకు రాని అక్షరాలు. మొదటి గీత నా నడుం దగ్గర. నాలుగోది నా భుజం దగ్గర. ఎవరో పిల్లనో పిల్లాణ్ణో ఏడాదికోసారి ఆ బీరువా లోపల నిలబెట్టి ఎత్తు కొలిచారు. నాలుగో గీతకి పైన పలకంతా ఖాళీగా, నున్నగా ఉంది.

"ఊరు మారిపోయుంటారులే, అమ్మా" అన్నాడు తాత. ఆయన గొంతు ఆ మాటని నమ్మినట్టు లేదు.

మర్నాడు కొండ అవ్వ వచ్చింది. బీరువా లేకపోవడం చూసి లోపలికి వచ్చింది. మా అమ్మ పలక చూపించింది. ఆవిడ చాలాసేపు చూసి, గాలిలో తన అరచేతిని సరిగ్గా ఆ నాలుగో గీత ఎత్తున పట్టుకుంది, పక్కన నిలబడ్డ పిల్ల తల నిమిరినట్టు. బంగ్లా ఉన్న కొండ వైపు ఒకసారి చూసింది. ఆకులు దింపి వెళ్ళిపోయింది.

నాన్న తిరిగొచ్చి సంగతంతా విని, తొట్టె పక్కన కూర్చుని తమ్ముణ్ణి ఊపాడు. తర్వాత ఆ పలకతో కొట్లో అర కొట్టిద్దామన్నాడు. మా అమ్మ మొగుడి మాటకి ఎదురు చెప్పడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. దాన్ని కొయ్యడానికి వీల్లేదంది. పసిబిడ్డకి చుట్టే మెత్తటి పాతచీర తెచ్చి, ఆ పలకకి నాలుగు వైపులా చుట్టి, అటక మీద పెట్టింది.

పురుగు సంగతీ, వాలు సంగతీ తాత నాకు చూపించాడు. ఆ భయం అక్కడితో పోయింది. నున్నగా మిగిలిన ఆ పై చెక్క మాత్రం ఇంకా నాతోనే ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నో ఇళ్ళు మారాను, కొత్తవీ పాతవీ ఎన్నో సామాన్లు ఏరుకున్నాను. పాతదేదైనా నచ్చితే ముందు వంగి దాని కాళ్ళు నొక్కి చూస్తాను. గట్టిగా ఉంటే తలుపు తీసి, లోపలి చెక్కని కింద నుంచి పైదాకా అరచేత్తో తడుముతాను. దుకాణం వాళ్ళు చెదలకోసం చూస్తున్నాననుకుంటారు. నేను కాదనను.