షామీర్‌పేట రోడ్డు మీద దించిన ఇల్లు

ఒక కుటుంబం కాపురముంటున్న ఇంటిని మేము సరుకు అని రాసి రోడ్డు పక్కన దించించాం. రాసింది నా చెయ్యి.

1998 వేసవిలో నన్ను మేడ్చల్ నుంచి షామీర్‌పేట వెళ్లే దారిలో వాహన తనిఖీకి వేశారు. నేను రవాణా కానిస్టేబుల్ని. బడిలో చదివింది ఏడో తరగతి. మోటారు వాహనాల చట్టాన్ని మాత్రం పక్కన నిఘంటువు పెట్టుకుని నాకు నేనే చదువుకున్నాను. మా కార్యాలయంలో దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. బండి ఆపి ఏం చెయ్యాలో చెప్పేది ఇన్‌స్పెక్టరు. దాన్ని చెక్ రిపోర్టులో నింపేది కానిస్టేబులు. మూడు ప్రతులు, మధ్యలో కార్బన్ కాగితాలు. అందులో సరుకుకు ఒక గడి, మనుషులకు ఒక గడి ఉండేవి. ఇంటికి గడి లేదు.

పొద్దున పది గంటలప్పుడు రంగులరాట్నం వాళ్ల లారీ వచ్చింది. మేడ్చల్‌లో ఆట ముగించుకుని షామీర్‌పేట జాతరకు పోతున్నారు. రాట్నం సామానంతా వేరే బండిలో ముందే వెళ్లింది. ఈ లారీ వాళ్లు ఉండే ఇల్లు. లోపల చెక్క గోడలు, బోల్టులతో బిగించిన రెండు మంచాలు, రేకు అరుగుకు బిగించిన స్టవ్, కిటికీకి పూల తెర. పైకప్పు కమ్మికి చీర ఉయ్యాల. యజమాని మల్లమ్మ, యాభై ఏళ్ల మనిషి. లారీ నడుపుతున్నది ఆమె కొడుకు నర్సింగ్. వెనక అతని భార్య, ఆమె ఒళ్లో పదకొండు రోజుల పసికందు, రాట్నం తిప్పే నలుగురు బంధువులు.

బండి సరుకు రవాణా వాహనంగా నమోదైంది. సరుకు బండి వెనక మనుషులు ఎక్కకూడదు. ఇన్‌స్పెక్టరు సీజ్ చెయ్యమన్నారు. మనుషులను లెక్కపెట్టమన్నారు. ఏడుగురు అయ్యారు. చంటిదాన్ని కలపాలా అని అడిగాను. “మనిషి కాదా?” అన్నారు ఆయన. రాశాను.

మల్లమ్మ నా భుజం మీదుగా కాగితంలోకి చూసింది. చదువు రాదు గాని నా చెయ్యి ఎక్కడ ఆగిందో కనిపెట్టింది.

“పసిపిల్లను గూడ రాసినవా సారూ? దానికి ఇంక పేరే వెట్టలే. ఏమని రాసినవ్?”

“పేరు లేని శిశువు, ఒకటి” అని చదివాను.

“రాట్నం గుర్రాలు ముందుగాల పోయినయి గని, లేకుంటే అవిటిని గూడ రాస్తుంటివి” అన్నాడు నర్సింగ్.

రేపు సరుకు పోయిందని మా మీదికి ఎవరూ రాకుండా, సీజ్ చేసే బండిని ముందు ఖాళీ చేయించడం మా దగ్గర ఆనవాయితీ. ఆ రోజూ అదే చేశాం. మంచాల బోల్టులు, స్టవ్ బోల్టులు మా పానాతోనే విప్పించాం. బియ్యం డబ్బా, దేవుడి పటం, స్టవ్, ఉయ్యాల చీర ఒక్కొక్కటే రోడ్డు పక్కకు దిగుతుంటే నేను వరస సంఖ్యలు వేసి సరుకు గడిలో రాశాను. ఆ ఎండలో బాలింత తలమీద కొంగు బిడ్డకు కప్పి మట్టిలో కూర్చుంది.

“గిది లారీ కాదు సారూ, మా ఇల్లు. ఇంట్ల మనుషులుంటరా, ఉండరా?” అని అడిగింది మల్లమ్మ. ఇన్‌స్పెక్టరు వెనకాల ఆగిన బండివైపు నడిచారు. ఆమె నావైపు తిరిగింది. నేను కార్బన్ కాగితాలు సర్దుకున్నాను.

బండి విడిపించుకోవాలంటే ఆమె ఒక హామీపత్రం ఇవ్వాలి: ‘ఇకపై ఈ వాహనంలో ఎవరూ నివసించరు.’ మూడో రోజు కార్యాలయానికి వచ్చింది. హామీపత్రం చదివి వినిపించాను.

“ఏలిముద్ర ఏస్తే ఇల్లిస్తరు. ఇల్లిచ్చినంక అండ్ల ఉండొద్దంటరు. ఇగ దేనికి సారూ ఏసుడు?” అని లేచి వెళ్లిపోయింది.

వారం తిరగకుండా, పాత సర్క్యులర్ల కట్టలో ఒక ఉత్తర్వు నా కంటబడింది. సర్కసు, రంగులరాట్నం వంటి ప్రదర్శనలవాళ్లు ఊరి నుంచి ఊరికి పోయేటప్పుడు వారి నివాస వాహనాలకు ఈ నిషేధం వర్తించదు. షరతు ఒక్కటే, పడకా వంట ఏర్పాటూ బండికి బిగించి ఉండాలి. నిలబడి రెండుసార్లు చదివాను. మేము తప్పు పట్టిన బండి తప్పే చెయ్యలేదు. ఉత్తర్వు తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. కానిస్టేబులు చెబితే రిపోర్టు తిరగరాస్తారా, పైకి రాసుకో అన్నారు.

పైకి రాశాను. ఏటా రాశాను. జవాబు లేదు. లారీ మా ఆవరణలోనే ఉండిపోయింది. చెక్క గోడలు ఉబ్బి ఊడాయి, అడుగు రేకులోంచి తుమ్మ మొలిచింది. మల్లమ్మ వాళ్లు రాట్నం అమ్మేసి సూరారంలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. నర్సింగ్ అక్కడే ఒక ఫ్యాక్టరీ వాళ్ల వ్యాను నడపసాగాడు. నేను దారిలో కనబడితే మల్లమ్మ అడిగేది ఒకటే: “మా ఇల్లు ఇంక ఆడనే ఉన్నదా సారూ?” ఒకసారి పక్కన బడి సంచితో ఒక పిల్ల ఉంది. పేరడిగాను. చెప్పింది. ఏ రిపోర్టులోనూ లేని పేరు.

2006లో పదవీ విరమణ చేసి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను: ఆ లారీకి మినహాయింపు ఎందుకు వర్తింపజేయలేదు?

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. గడి లేనప్పుడు నిజం రాయడానికి కాగితానికి వెనకవైపు ఉంటుంది. చట్టమంతా చదివిన నేను ఆ రోజు కాగితం తిప్పలేదు. నాకు వచ్చిన జవాబు ఇది:

“మీ దరఖాస్తు పరిశీలించడమైనది. మీరు స్వయముగా వ్రాసిన తనిఖీ నివేదిక ప్రకారము, మంచములు, స్టవ్ మొదలగునవి సరుకుగా దించబడినవి. తదుపరి సదరు వాహనమునందు పడక గాని, వంట ఏర్పాటు గాని లేవు. నాటి నుండి నేటి వరకు అందులో ఎవరును నివసించుట లేదు. కావున దానిని నివాస వాహనముగా పరిగణించుటకు వీలు లేదు. మినహాయింపు వర్తించదు.”